ఎడమ చెవి పొట్టేలు

2008 ఫిబ్రవరిలో మార్కాపురంలోని మా ప్రెస్సులో నన్ను ఫోర్‌మన్‌ని చేశారు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు అక్కడే పనిచేశాను. మొదట సీసం అక్షరాలు పేర్చే కంపోజిటరుగా, ఆ తరవాత మిషన్‌మన్‌గా. నా పేరు ఏసోబు, మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. చేరిన కొత్తలో మా పని ఎక్కువగా పలకల పెట్టెల మీద అంటించే లేబుళ్ళే. పలకల గిరాకీ తగ్గేకొద్దీ మా ఓనరు గారు పెళ్ళి కార్డుల వైపు మళ్ళారు. నేను ఫోర్‌మన్ అయ్యేనాటికి అచ్చుపనంతా ఆఫ్‌సెట్ మీదికి పోయి, పాత ట్రెడిల్ మిషను ఒక్కటి మూలన మిగిలింది. దాన్ని పాత ఇనుముకు వేసేద్దామన్నారు. నేను అడ్డం పడ్డాను. కార్డు మీద బొమ్మను చేతికి తగిలేలా పైకి లేపే పని, అంటే ఎంబాసింగ్, ఆ మిషను చేసినంత శుభ్రంగా మరేదీ చేయదని నా నమ్మకం. నమ్మకంతో పాటు కొంచెం పొగరు కూడా ఉండేది. అది దిగిన వైనమే ఇప్పుడు చెప్పేది.

ఆ ఏడాది ఎండలు ముదిరే ముందు అర్ధవీడు వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. కొడుకు శ్రీను పెళ్ళికొడుకు. తండ్రి యలమంద జీవాలు కాచి బతికిన మనిషి. నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయి నాలుగేళ్ళయిందట. కొడుకు భుజం మీద చెయ్యేసుకుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

శ్రీను ఆల్బమ్ తిరగేసి నెమలీకలు, బంగారు రేకుతో మెరిసే వినాయకుడు ఉన్న కార్డు చూపించాడు. పెద్దాయన అడ్డంగా తల ఊపాడు. "ఆ దేవుణ్ణి లోపల ఏసుకో నాయనా, వద్దన్లా. పైన మాత్రం నా మంద గుర్తు ఉండాల" అన్నాడు.

మంద గుర్తు అంటే గొర్రెల చెవికి పెట్టే కోత. ఎవరి మంద కోత వాళ్ళది. యలమంద కోత ఎడమ చెవి కొన చీలిక, దాని కింద ఒక గంటు. వాళ్ళ బంధువుల్లో సగంమంది ఆ రోజుల్లో జీవాలు తోలుకుని నల్లమల అంచుల్లోనో, గుంటూరు చేలల్లోనో ఉంటారు. కార్డు చేతులు మారి వాళ్ళను చేరాలి. చదువు లేకపోయినా ఆ చెవి చూడగానే ఇది యలమంద ఇంటి పెళ్ళి అని తెలుస్తుంది. పెద్దాయన చెప్పిన కారణం ఇది. అసలు కారణం ఇంకొకటుంది.

యలమందకు ఒకడే తమ్ముడు, కాశయ్య. తండ్రి మందను పంచుకున్నప్పుడు ఎడమ చెవి కోత అన్నకు ఉండిపోయింది, తమ్ముడు అదే కోతను కుడి చెవికి మార్చుకున్నాడు. ఒక కరువు ఏడు ఇద్దరూ మందల్ని పుల్లలచెరువు పైన అడవి అంచుకు తోలారు. తిరిగొచ్చాక అన్న మందలో కొన్ని జీవాలు తగ్గాయి. ఇంకా కోత పడని నా గొర్రెపిల్లలకు కుడి చెవి కోసి నీవి చేసుకున్నావని యలమంద పదిమందిలో అనేశాడు. కొన్నాళ్ళకు ఆ జీవాలు ఎవరిదో వేరే మందలో దొరికాయి. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"మొదటి కార్డు నేనే తీసకపోయి వాడి చేతిలో పెడతా. వాడు రాకుంటే ఈ పెళ్ళి నాకు పెళ్ళే కాదు" అన్నాడు. ఆ మాటతో ఆ పని ఎంత బరువైనదో నాకు తెలియాల్సింది. నేను మాత్రం ఎంత బాగా చేసి చూపిద్దామా అన్న ఆలోచనలోనే ఉన్నాను.

బొమ్మను పైకి లేపడానికి మాకు రెండు దారులు ఉండేవి. ఒకటి పౌడర్ ప్రింటు. తడి సిరా మీద రెసిన్ పొడి చల్లి, అదనపు పొడిని దులిపి, కాగితాన్ని హీటరు కిందికి పంపుతాం. పొడి కరిగి సిరాతో కలిసి ఉబ్బుతుంది. పని చవక, చూపుకు ఘనం. మొదటి నమూనా అలాగే చేశాను. కంప్యూటరులో దొరికిన పొట్టేలు బొమ్మ తీసుకుని, ఒంటినిండా ఉన్ని రింగులు ఉబ్బేలా వేశాను. పెద్దాయన వేళ్ళతో తడిమి నవ్వాడు.

"ఇదేంది, ఎండాకాలంలో గొంగడి కప్పుకోనుంది? మన గొర్రెలకు ఇంత బొచ్చు యాడుంది నాయనా? చెవి ఏదో, కొమ్ము ఏదో నాకు దొరకలా. అంతా గరుకే."

మా వాళ్ళు కూడా నవ్వారు. నాకు చురుక్కుమంది. కంటికి అందంగా ఉన్నదంతా వేలికి కలగాపులగంగా తగులుతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. వేలికి కావలసింది అంచు.

రెండో దారి బ్లాకు. ఇత్తడి పలకలో బొమ్మను గుంటగా చెక్కిస్తాం. దాన్ని చేజు అనే ఇనుప చట్రంలో బిగించి మిషనులో నిలబెడతాం. ఎదురుగా కాగితం ఆనే పలక మీద అట్టముక్కలు, జిగురు, కాగితం గుజ్జు పేర్చి, మెల్లగా ఒత్తి, ఆరనిచ్చి, ఆ గుంటలోకి సరిగ్గా దిగే బొడిపె తయారు చేస్తాం. గుంటను ఫిమేల్ అనీ, బొడిపెను మేల్ అనీ అంటాం. రెండింటి మధ్య కార్డు నలిగితే బొమ్మ పైకి లేస్తుంది. బొడిపె వెంట్రుకవాసి పక్కకు జరిగినా కార్డు చిరుగుతుంది. అందుకే ఆ పని ఫోర్‌మనే చేయాలని మా ప్రెస్సులో కట్టడి.

బొమ్మ నేనే గీశాను. పొట్టేలు తల పక్కనుంచి కనిపించేలా, ఒక కొమ్ము, ఒక చెవి, చెవికి చీలిక, గంటు. ఇంకేమీ లేదు. మూతి ఎడమవైపు ఉంటే కనిపించేది ఎడమ చెవి. ఇక్కడే నా ఇరవై రెండేళ్ళ అనుభవం నన్ను ముంచింది. కంపోజిటరు అక్షరాన్ని ఎప్పుడూ ఉల్టాగానే చూస్తాడు. సీసం అక్షరం తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. బ్లాకు అనగానే నా చెయ్యి దానంతట అదే పొట్టేలును తిప్పి, మూతి కుడివైపు పెట్టి గీసింది. విజయవాడలో బ్లాకు చేసే ఆయన ఆ బొమ్మను తన పద్ధతి ప్రకారం మళ్ళీ తిప్పి చెక్కాడు. రెండుసార్లు తిరిగిన బొమ్మ కార్డు మీద మూతి కుడివైపు పెట్టుకుని లేచింది.

అక్షరాలున్న బ్లాకు అయితే మొదటి ప్రూఫులోనే పట్టుబడేది. పొట్టేలు తిరగబడినా పొట్టేలే. ప్రూఫు నేను చూశాను, ఓనరు గారు చూశారు, శ్రీను వచ్చి చూసి సంతకం పెట్టి పోయాడు. చెవి కోత ఎంత స్పష్టంగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను తప్ప అది ఏ చెవి అని ఎవరం అడగలేదు. మూడు వందల కార్డులు కొట్టేశాను.

ఎంబాస్ చేసిన కార్డుకు లోపలివైపు గుంట కనిపిస్తుంది. అది కనపడకుండా పల్చటి కాగితం అంటించడం మా అలవాటు. ఆ కాగితం అంటించాల్సిన రోజు పొద్దున్నే తండ్రీ కొడుకులు బస్సు దిగి వచ్చారు. నేను గర్వంగా ఒక కార్డు తీసి పెద్దాయన చేతిలో పెట్టాను. చూపుడువేలు కొమ్ము మీదుగా నుదుటికి, నుదుటి నుంచి మూతికి దిగింది. అక్కడ ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చింది. ముఖంలో నవ్వు పోయింది.

"ఇది కుడి చెవి" అన్నాడు.

కాగితం అంటించే పని ఆపమన్నాను. కట్టలోంచి ఇంకో కార్డు తీసి చూశాను, మూతి కుడివైపే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు బ్లాకు తెచ్చి చూశాను, గీసిన కాగితం తెచ్చి చూశాను. తప్పు నాదే. శ్రీను కోపంతో ఊగిపోయాడు. "ఇది మా చిన్నాయన గుర్తు! దొంగ అని మేమే అంటిమి, ఇప్పుడు ఆయన గుర్తు మేమే ఎత్తుకోని పోయి ఆయనకే ఇస్తే ఎగతాళికి వచ్చినామనుకోడా?" అని అరిచాడు. ఓనరు గారు నావైపు చూశారు. పదిమందిలో నన్ను ఒక్క మాట అన్నా పడాల్సినవాణ్ణే. ఆయన మాత్రం, పెళ్ళికి ఇంకా పదహారు రోజులుంది, రేపు పొద్దున రైలుకే ఏసోబు విజయవాడ వెళ్తాడు, కొత్త బ్లాకుతో మొత్తం మళ్ళీ కొడతాం అని శ్రీనుకు చెప్పారు. అంతే. ఆ రోజు ఆయన నాకు మిగిల్చిన మర్యాదను నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ యలమంద కార్డును వదల్లేదు. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు మడత లోపల పెట్టి పట్టుకున్నాడు. ఉన్నట్టుండి, "ఆగండ్రా" అన్నాడు. కార్డు తెరిచి, లోపలి గుంటలో వేలు పెట్టి మెల్లగా నడిపించాడు. ఇటువైపు నుంచి మూతి ఎడమకు తిరిగి ఉంది.

"ఏసోబూ, లోపల నాది ఉంది గదా?"

అవును పెద్దయ్యా అన్నాను. లేపిన ఏ బొమ్మయినా వెనకనుంచి తిరగబడే కనిపిస్తుంది. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసే కదా కాగితం అంటించి దాచేది.

ఆయన కార్డు మూసి, మళ్ళీ తెరిచాడు. తరవాత కొడుకుతో కాక నాతోనే అన్నాడు: "అందరికీ ఇచ్చేది సరిగ్గా కొట్టు. నాది పైన ఉండనీ. లోపల మాత్రం కాగితం అతికించొద్దు. ఇది ఒకటి నాకియ్యి. నా తమ్ముడికి ఇదే ఇస్తా. వాడిది పైన, నాది కింద."

శ్రీను ఏదో అనబోయాడు. "ఆ రోజు మాట జారింది నేను. కింద ఉండాల్సింది నేనే" అన్నాడు పెద్దాయన.

మరునాడు విజయవాడ వెళ్ళి, బొమ్మను సరిగ్గా గీసిచ్చి, పక్కనే కూర్చుని బ్లాకు చెక్కించుకుని వచ్చాను. బొడిపె మళ్ళీ కట్టాను. ఈసారి మొదటి ప్రూఫును నేనే బస్సులో అర్ధవీడు వైపు తీసుకెళ్ళి యలమంద చేతిలో పెట్టాను. వేలు మూతి దగ్గర ఆగి, చెవికి వెళ్ళి, గంటు మీద నిలిచాక "కానీ" అన్నాడు. అప్పుడే మిషను ఎక్కించాను. పాత కార్డులన్నీ కటింగ్ మిషను కిందికి పోయాయి, ఒకటి తప్ప.

కాశయ్య ఇంట్లో జరిగింది శ్రీను తరవాత చెప్పాడు. ఆయన గుమ్మంలో నిలబడే కార్డు అందుకున్నాడట. పైన చెవి చూసి ముఖం ఎర్రబడిందట. యలమంద "తెరిచి లోపల తడుమురా" అన్నాడట. కాశయ్య తడిమి, "ముహూర్తం ఎన్ని గంటలకు అన్నా?" అని మాత్రం అడిగాడట. పెళ్ళికి ఓనరు గారితో కలిసి నేనూ వెళ్ళాను. పందిట్లో విస్తళ్ళ వెంట తిరుగుతూ అన్నం వడ్డిస్తున్నది కాశయ్యే.

రెండేళ్ళ తరవాత కాశయ్య మా ప్రెస్సుకు వచ్చాడు. ఆయన కొడుకు పెళ్ళి. ప్లాస్టిక్ కవరులోంచి నేను తప్పుగా కొట్టిన ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఆ బ్లాకు ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఫోర్‌మన్ తన తప్పును పారేయకూడదని దాన్ని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టుకున్నాను.

"దాంతోనే కొట్టు అన్నా. లోపల కాగితం అతికించొద్దు" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మా అన్నకు ఇచ్చే ఒక్క కార్డు మాత్రం ఆ రెండో బ్లాకుతో, ఎడమ చెవి దాంతో కొట్టు."

ఆ ఒక్క కార్డు కోసం బ్లాకు మార్చి, బొడిపె కొత్తగా కట్టి, ఆరనిచ్చి, మిషను ఎక్కించడానికి ఒక పూట పట్టింది. నా ఉద్యోగంలో నేను ఇష్టంగా చేసిన పనుల్లో అది మొదటిది.

రిటైరయ్యేదాకా ఈ సంగతి రెండు నియమాలుగా నాతో ఉండిపోయింది. బొమ్మ బ్లాకు ప్రూఫును ఎవరి గుర్తో వాళ్ళ చేతికిచ్చి అడగాలి, కొడుకు సంతకం చాలదు. వెనకవైపు కాగితం అంటించే ముందు, దాచమంటారా ఉంచమంటారా అని అడగాలి. ఎక్కువమంది దాచమనే అన్నారు. అయినా నేను అడగడం మానలేదు.