మొహమాటానికి కట్టిన ఫీజు

సింగపూర్‌లో మేము అద్దెకున్న ఏ ఇంట్లోనూ మా దేవుళ్ళకు సొంత చోటు లేదు. ఇల్లు మారిన ప్రతిసారీ పటాలను నా పాత నేత చీరలో చుట్టి, కొత్త ఇంట్లో ఏ అలమరలో జాగా ఉంటే అక్కడ విప్పేదాన్ని. జురాంగ్ వెస్ట్‌లో ఇంటి యజమాని మంచివాడే. కాని పొగ గోడలకు పడుతుందని అగరుబత్తి వెలిగించనిచ్చేవాడు కాదు. దీపం సంగతి ఇక అడగనే లేదు. తలదాచుకోను చోటిచ్చాడు, అదే చాలనుకునేదాన్ని. అలా అనుకుంటూనే అలసిపోయాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెల్లువలా వచ్చిన రోజులవి. మావారు రాఫెల్స్ ప్లేస్‌లో ప్రోగ్రాములు రాసేవారు. మన ఊళ్ళనుంచి కొత్తగా దిగినవాళ్ళు ఉద్యోగం కుదిరేదాకా మా హాల్లో చాప మీద పడుకునేవారు. అప్పట్లో మనవాళ్ళకు మన క్రెడిట్ కార్డు వాడుకోనివ్వడమంటే వానలో గొడుగు ఇచ్చినట్టే. అలా ఒకతను మావారి కార్డు మీద ల్యాప్‌టాప్, విమానం టికెట్లు కొనుక్కున్నాడు. ప్రాజెక్టు అయిపోగానే వేరే దేశం వెళ్ళిపోయాడు.

"మనింట్లో అన్నం తిన్నవాణ్ణి డబ్బేదని ఎలా అడుగుతామే?" అన్నారు మావారు. అడగలేదు. మా జీతంలోంచే కొంత కొంత కట్టాం. కొన్ని నెలలు అదీ కట్టలేకపోయాం.

ఆ సమయంలోనే చోవా చూ కాంగ్‌లో ఒక ఫ్లాట్ నచ్చింది. అమ్ముతున్నది ఒక చైనీస్ పెద్దావిడ, భర్త పోయాక కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. వంటింట్లో తూర్పు గోడకు చిన్న గూడుంది. ఆవిడ అందులో బియ్యం డబ్బా పెట్టుకుంది. నాకు మాత్రం అక్కడ మా వెంకన్న పటమే కనిపించింది, ముందు వెలుగుతున్న దీపంతో సహా. గుమ్మం బయట కుండీలో కరివేపాకు మొక్క. ఎప్పుడో పొరుగింటి తమిళావిడ ఇచ్చిందట. "స్మెల్ వెరీ నైస్, బట్ ఐ డోంట్ నో హౌ టు కుక్ లా," అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా నవ్వింది. అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.

వారం తిరక్కుండానే బ్యాంకు లోను ఇవ్వనంది. మావారి పేరు మీద కార్డు బాకీ ఆలస్యం చేసిన గుర్తులున్నాయట. నేను బడికి పోయినదాన్ని కాదు. చదువూ లెక్కలూ తాతయ్య ఇంట్లోనే నేర్పారు. మనిషి మాట తప్పితే ఊరికి తెలుస్తుందని తెలుసుగాని, ఆ సంగతి రాసిపెట్టడానికి ఒక ఆఫీసే ఉంటుందని అప్పుడే విన్నాను.

పెద్దావిడకు విషయం చెప్పాం. కాసేపు ఆలోచించింది. "ఓకే లా, వన్ మంత్ ఐ వెయిట్. ఆఫ్టర్ దట్ కెనాట్."

మావారు బ్యాంకుకు ఫోను చేసి మాట్లాడుకోవచ్చు. కాని "నేను కట్టలేకపోయాను" అని నోటితో అనడం ఆయన వల్ల కాలేదు. ఇలాంటివి సరిచేయడమే వృత్తిగా పెట్టుకున్న ఒకతని గురించి ఆఫీసులో ఎవరో చెబితే, ఇంటికి పిలిచారు. తెలుగువాడే, గోదావరి వైపు.

"అక్కా, పులిహోర వాసన లిఫ్టు దాకా కొడతందండీ," అంటూనే లోపలికొచ్చాడు. పెట్టాను. తింటూ చెప్పాడు: "బావగారూ, మీది చిన్న కేసండీ. ఇలాంటివి ఎన్ని తుడిచేశానో! ఒక్కటే మాట. బ్యాంకోళ్ళు ఫోన్ చేత్తే ఎత్తకండి. మీరోటి నేనోటి మాట్లాడితే పని చెడిపోద్ది. కార్డుకి డబ్బు కట్టడం కూడా ఆపేయండి. అప్పుడే దారికొత్తారు."

ఫీజు ముందే ఇమ్మన్నాడు. "ఇవాళ శుక్రవారం తమ్ముడూ, రేపిస్తాం," అని నసిగాను.

"బ్యాంకుకి శుక్రవారం లేదక్కా. వడ్డీ ఆదివారం కూడా నడుత్తాది," అన్నాడు. మావారు గట్టిగా నవ్వారు. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది. ఇచ్చేశాం. నేను రసీదు మాట ఎత్తబోతే మావారు కళ్ళతోనే ఆపారు. కంచంలో చెయ్యి ఉన్న మనిషిని రసీదు అడుగుతామా? వెళ్తూ వెళ్తూ అతను మావారి చేత నాలుగైదు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు.

ఆ నెలంతా ఫోను మోగితే దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. "డాడీ, పిక్ అప్ లా!" అని మా పాప విసుక్కునేది. మేము అతనికి చేస్తే, "అవతందక్కా, పైవాళ్ళ దగ్గరుంది," అనేవాడు. బ్యాంకు ఉత్తరాలు రావడం ఆగిపోయింది. అది మంచి శకునమన్నారు మావారు. నేనూ నమ్మాను. అలసిపోయినవాళ్ళకు నమ్మడం తేలిక.

గడువు ముంచుకొస్తున్నా ఏ కబురూ లేదు. "పోదాం పదండి. మీరు మాట్లాడకపోతే నా వచ్చీరాని ఇంగ్లీషులో నేనే మాట్లాడతాను," అన్నాను. మావారు సెలవు పెట్టారు.

బ్యాంకులో కౌంటర్ అమ్మాయి కంప్యూటర్ తెర వంక చాలాసేపు చూసింది. "సర్, వై యూ నెవర్ రిప్లై?" అంది.

నెలకింత చొప్పున కట్టుకోవచ్చని వాళ్ళు రెండుసార్లు రాశారట. కాని మావారి సంతకంతోనే ఉత్తరాల చిరునామా మారిపోయి, అవన్నీ ఆ గోదావరి అతని ఆఫీసుకు పోయాయి. ఆ గుర్తులు తప్పని మావారి పేరుతో అభ్యంతరాలు కూడా పెట్టాడట. గుర్తులు నిజమైనవే కనుక ఆ అభ్యంతరాలన్నీ తిరిగొచ్చాయి. పైగా అతని మాట విని కట్టడం ఆపినందుకు కొత్త గుర్తులు పడ్డాయి. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: తప్పుగా రాసి ఉంటే మీరే అడిగి దిద్దించుకోవచ్చు, ఎవరికీ ఫీజు ఇవ్వక్కర్లేదు. నిజమైతే మాత్రం ఎవరూ తుడవలేరు, బాకీ కట్టి, ఆపైన నెలనెలా సరిగ్గా కడుతూ పోతే కాలమే దాన్ని వెనక్కి నెడుతుంది. ఒక్క మాట కూడా చులకనగా అనలేదు. ఆమె చల్లగా ఉండాలి.

బయటికొచ్చి మావారు అతనికి ఫోను చేశారు. పక్కన నిలబడ్డ నాక్కూడా వినబడింది. "ట్రై చేత్తానన్నా గానీ గ్యారంటీ అన్లేదు కదండీ బావగారూ."

"పోనీలే, మనవాడే," అన్నారు మావారు, ఫోను జేబులో పెట్టుకుంటూ.

"మనవాడు కనుకనే ఇల్లు పోయింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

లోను రాదని చెప్పడానికి పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. ఆవిడ మాటిచ్చినన్నాళ్ళూ ఆగింది. ఇక ఆగే వీల్లేదు, వేరేవాళ్ళకు అమ్ముతోంది. అడ్వాన్సు నియమం ప్రకారం ఆవిడదే. మేమూ అడగలేదు. ఆ వంటింటి గూడు వైపు చూడకుండా బయటికొస్తుంటే ఆవిడ కుండీని కాలితో నా వైపు జరిపింది. "ఫ్లాట్ కెనాట్. దిస్ వన్ కెన్. టేక్, టేక్."

రైల్లో కుండీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మావారు పైన కడ్డీ పట్టుకుని నిలబడి పెదవులు కదుపుతున్నారు. జపం అనుకున్నాను. జురాంగ్ ఈస్ట్‌లో దిగి రైలు మారేటప్పుడు వినిపించింది. "ఐ కుడ్ నాట్ పే. ఐ వాంట్ టు పే." అదే మాట, మళ్ళీ మళ్ళీ.

మర్నాడు పొద్దున్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, నిలబడే బ్యాంకుకు ఫోను చేశారు. మాట రెండుసార్లు తడబడింది. అవతల ఎవరూ నవ్వలేదు, నెలకు ఎంత కట్టగలరని మాత్రం అడిగారు. ఆయన ఒక అంకె చెప్పారు. నేను పటాలకు దండం పెట్టి, అలమర తలుపు మెల్లగా మూసి, మొక్కకు నీళ్ళు పోశాను.