అరవై ఒక్క రాత్రుల పరుపు

ఒట్టు వేయమని మాత్రం అడగకండి. ఒట్టు సాక్ష్యం కాదని పాతికేళ్లుగా తరగతిలో చెబుతున్నవాడిని. అయినా చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రాత్రి నాకు జ్వరం లేదు. మత్తులో లేను. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినవాడినీ కాను. ఈ మూడూ ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీ స్థానంలో నేనుంటే మొదట అడిగే ప్రశ్నలు ఇవే.

నేను కరీంనగర్‌లో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. సెలవుల్లో ఊళ్లు తిరిగి, మహిమల గుట్టు విప్పి చూపించే బృందంలో ఒకడిని. జైనూర్ అవతల ఒక ఊరి శ్మశానంలో దయ్యం తిరుగుతోందంటే, అక్కడే చాప పరుచుకుని తెల్లవార్లూ పడుకున్నాను. చక్కగా నిద్ర పట్టింది. అక్కడ పూడ్చినవాళ్లెవరూ నాకు ఏమీ కారు మరి.

నన్ను చదివించింది మా అన్న రాజమల్లు. శ్రీరాంపూర్‌లో బొగ్గు గనిలోకి దిగి దిగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. చివరి రెండేళ్లూ దమ్ము. నాలుగు అడుగులు వేస్తే ఆగాలి. పడుకుంటే ఊపిరి ఆడదు. అతని ఊపిరికి ఒక వరస ఉండేది. మూడు పొట్టి గుటకలు... ఆ తరువాత ఒక పొడుగైనది, చివర సన్నని ఈలతో. ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు కూడా మాటల మధ్య ఆ వరసే వినబడేది. నేను దానికి అలవాటు పడిపోయాను.

అన్న జీవితం మొత్తంలో నన్ను అడిగింది ఒక్కసారి.

"తమ్మీ, గా ఫోన్ల అమ్ముతున్నరు గద... మెత్తటి పరుపు, ఈపు ఎత్తుగ వెట్టే దిండు. గవ్వి రెండు తెప్పిస్తవా? పైసలు నేనిస్త."

"నీ పైసలెందుకే అన్నా. జర ఆగు, అన్ని సూసి చెప్త."

అన్నీ చూశాను. వారం రోజులు చూశాను. ఫోము సాంద్రత, మందం, కొన్నవాళ్ల అభిప్రాయాలు, వాటిలో అబద్ధపువి ఎన్ని... అన్నీ వడగట్టి, ఉన్నవాటిలో చవకైనదీ మన్నికైనదీ అని ఒకటి తేల్చాను. దిండు మాత్రం వద్దన్నాను. మామూలు దిండ్లు రెండు ఒకదానిమీద ఒకటి పెడితే అంతే ఎత్తు వస్తుందని, కోణం లెక్కగట్టి మరీ చెప్పాను. అన్న సరేనన్నాడు. అన్న ఎప్పుడూ సరేననేవాడు.

వచ్చిన రోజు మా వదిన భూలక్ష్మి వీడియో కాల్ చేసి చూపించింది. గాలి లాగేసి చుట్టిన కట్ట. ప్లాస్టిక్ కోయగానే స్‌స్‌స్... మంటూ పరుపు తనంతట తానే విచ్చుకుని లేస్తోంది. అన్న మంచం పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"సూడు తమ్మీ... ఊపిరి వీల్సుకుంటుందిరా ఇది! నాకంటె మంచిగ!"

మేం ముగ్గురం నవ్వాం.

మూడోనాడు ఫోన్ చేశాడు. "గిదేందో వాసనొస్తుంది రా. రంగు డబ్బ మూత దీసినట్టు. గొంతుల దిగుతుంది."

"కొత్త ఫోముకు ఉంటదే అన్నా. మూడు నాలుగొద్దులల్ల పోతది. కంపెనోల్లు రాసిండ్రు, నేను సూసిన."

వారం తరువాత నేనే అడిగాను, పోయిందా అని. "ఆఁ... పోయింది. మంచిగ నిద్ర వడ్తుంది. నువ్వు ఫికర్ జెయ్యకు."

నమ్మాను. ఏ మాటనైనా తనిఖీ చేయనిదే వదలనివాడిని, ఆ ఒక్క మాటనూ తనిఖీ లేకుండా వదిలేశాను. అది నాకు అనుకూలంగా ఉంది కదా.

పరుపు వచ్చిన అరవై ఒకటో రాత్రి తెల్లవారుజామున అన్న పోయాడు.

పోయినవాళ్లు వాడిన పక్కబట్టలు మా వైపు ఇంట్లో ఉంచరు. ఊరి బయట వదిలేసి వస్తారు. వాడకట్టువాళ్లు పరుపు ఎత్తబోతే నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. చావు అంటుకునే గుణం ఏ పదార్థానికీ లేదని చెప్పాను. ఫోము అంటే ఏమిటో వివరించాను. అన్నతో పాటు గనిలో పనిచేసిన ఓదెలు తల గోక్కుంటూ విన్నాడు.

"సారు మాట్లాడితె ఇంటర్ల ఫెయిలైనట్టే అనిపిస్తది నాకు. పదండ్రా... సారు పరుపు, సారిష్టం."

అందరూ వెళ్లిపోయారు. పరుపును చుట్టి, నైలాన్ తాడుతో బిగించి, ముందు గదిలో మూలకు నిలబెట్టాను. వదిన ఆ రోజు నుంచి ఆ గదిలోకి రావడం మానేసింది. పెరటి తలుపు గుండానే వచ్చిపోయేది.

నెల దాటాక నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ పరుపు మీద కంపెనీ పెద్ద అక్షరాలతో ఒక మాట ఇచ్చింది... వంద రాత్రులు పడుకుని చూడండి, నచ్చకపోతే డబ్బు వాపసు. దరఖాస్తు పెట్టాను. కారణం ఎంచుకోమని ఒక జాబితా వచ్చింది. గట్టిగా ఉంది. మరీ మెత్తగా ఉంది. కొలత కుదరలేదు. వాసన. నా వేలు కాసేపు ఆగింది... 'వాసన' అన్నదాని మీద నొక్కాను. అన్న చెప్పిన మాటను నేను నిజమని ఒప్పుకోవడం అదే మొదటిసారి. అదీ అన్నతో కాదు, ఒక ఫోన్ తెరతో.

వదినకు చెప్పాను.

"అంటె... మీ అన్న పానం వోయిన పరుపు ఇంకోలింటికి తోల్తవా?"

"శుభ్రం జేసే అమ్ముతరు వదినా."

"శుభ్రం జేస్తె నువ్వు పండుకుంటవా దాని మీద?"

"పండుకుంట" అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

తొంభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం కంపెనీ జవాబు వచ్చింది. మీ ప్రాంతం నుంచి వెనక్కి తీసుకోవడం కుదరదు. పరుపును ఒక మూల నుంచి ఎదుటి మూల వరకు కోసి, మధ్యలో ఆపకుండా వీడియో తీసి పంపండి. మరొకరు వాడకుండా ఉండేందుకే. లింకు రేపు ఉదయం ఆరింటి వరకే పనిచేస్తుంది. అంటే నేను వారం రోజులు కూర్చుని ఎంచిన ఆ వస్తువు లారీ కిరాయికి కూడా తగదన్నమాట.

సాయంత్రం బస్సెక్కాను. మంచిర్యాలలో దిగి కాగితాలు కోసే బ్లేడు ఒకటి కొన్నాను. శ్రీరాంపూర్‌లో అన్న ఇల్లు చేరేసరికి పదిన్నర. వదిన పెరటి వైపు నుంచి తలుపు తీసి, అన్నం పెట్టి, లోపలి గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది.

ముందు గదిలో ట్యూబ్‌లైట్ వేశాను. కిటికీలు మూశాను. ఫోము పొడి ఎగరకుండా ఫ్యాన్ ఆపేశాను. ఇవన్నీ గుర్తుంచుకోండి... గదిలో గాలి కదలడం లేదు.

తాడు విప్పాను. పరుపు నేల మీద మెల్లగా తెరుచుకుంది. స్‌స్‌స్... ఇందులో వింత ఏమీ లేదు. నొక్కిన ఫోము గాలిని లోపలికి పీల్చుకుంటుంది.

తరువాత వాసన. రంగు డబ్బా మూత తీసినట్టు. ఆ రోజే వచ్చిన పరుపులాగ... ఘాటుగా. మూడు నెలలు దాటిన ఫోముకు అంత వాసన ఉండకూడదు. చుట్టలో చిక్కుకుని ఉండిపోయిందేమో అనుకున్నాను. అనుకుని, టార్చి వెలిగించి నేల వారగా పట్టాను. పక్కనుంచి వెలుతురు పడితే చిన్న గుంటకు కూడా నీడ వస్తుంది.

మనిషి రోజూ పడుకున్న పరుపు మీద భుజాల దగ్గర, నడుము దగ్గర కొంత నొక్కు పడుతుంది. చవక ఫోము అయితే ఇంకా తొందరగా పడుతుంది. అక్కడ ఏమీ లేదు. మధ్య భాగమంతా కొత్తదానిలా నున్నగా ఉంది... ఒక అంచు తప్ప.

అంచు దగ్గర రెండు గుంటలు. పక్కపక్కనే, తొడలంత వెడల్పు. వాటికి అటూ ఇటూ మరో రెండు, చిన్నవి. అరచేతులంతవి.

నాకు అర్థమైంది. కానీ అడిగాను.

"వదినా... అన్న ఎట్ల పండుకునేటోడు?"

లోపలి నుంచి మంచం కిర్రుమంది. తలుపు తెరవకుండానే చెప్పింది. "పండుకున్నడని నీకెవరు జెప్పిండ్రు?"

"అన్ననే జెప్పిండు."

"నీకు అట్ల జెప్పక ఇంకెట్ల జెప్తడు? పండుకుంటె వాసన గొంతుల దిగుతుందని అంచుకు కూసునేటోడు. తెల్లారెదాక. తీసి అవతల వడేద్దామయ్యా అంటె... తమ్ముడు అంత సదివి, కొలిచి తెప్పిచ్చిండు, మనసు నొచ్చుకుంటడు అన్నడు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

పన్నెండు దాటింది. స్టీలు చెంబుకు ఆనించి ఫోన్ నిలబెట్టాను. రికార్డు నొక్కాను. మోకాళ్ల మీద కూర్చుని, ఒక మూల బ్లేడు ఆనించాను.

అప్పుడు...

కుడి గుంట కదిలింది.

కదిలింది అంటే... దాని అడుగు పైకి లేస్తోంది. మెల్లగా. తరువాత ఎడమది. తరువాత అరచేతుల గుర్తులు. అంచున కూర్చున్న మనిషి చేతులు ఆనించుకుని బరువుగా పైకి లేస్తే, అతని కింద పరుపు ఎలా పొంగుతుందో... అలా. ఒక్కో వేలి మందం. ఆగి... మళ్లీ.

దానితో పాటు చప్పుడు. మూడు పొట్టి గుటకలు.

... ... ...

ఒక పొడుగైనది. చివర ఈల.

నా ఊపిరే అయి ఉండవచ్చు అనుకున్నాను. ముక్కు, నోరు మూసుకుని మనసులో ఇరవై లెక్కపెట్టాను. ఏడు దగ్గర మళ్లీ మూడు గుటకలు. పదమూడు దగ్గర ఈల. ఇరవై అయ్యేసరికి అంచు చదునై పోయింది. అక్కడ ఎవరూ ఎన్నడూ కూర్చోనట్టు.

కోశాను. ఎందుకు కోశానో చెప్పలేను... చేతిలో బ్లేడు ఉంది కనుక కోశాను. బట్ట చిరిగిన చప్పుడు, ఫోము కరకరమన్న చప్పుడు. ఎదుటి మూల చేరేసరికి ఇంకే చప్పుడూ లేదు. కోతలోంచి రంగురంగుల తుక్కు బయటపడింది. పాత ఫోము ముక్కలు, బట్ట పేలికలు, ఒకదానికొకటి జిగురుతో అతికించి ఉన్నాయి. అసలైన ఫోము అని రాసిన ఆ పేజీని నేను రెండుసార్లు చదివాను. సాంద్రత అంకెను కూడా నమ్మాను. ఆ వాసన ఫోముది కాదు, జిగురుది. మూడు నాలుగు రోజుల్లో పోయేది కాదు. ఊపిరితిత్తులు చెడినవాడికి అది ఎంత చేటు చేసిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. దహనం అయిపోయింది.

వీడియో చూడకుండానే పంపేశాను. తెల్లారగానే ఓదెలును పిలిచాను. ఇద్దరం రెండు సగాలూ మోసుకెళ్లి ఊరి బయట వేసి వచ్చాం.

ఇప్పుడు మీరు అడగబోయేవన్నీ నేను అడుక్కున్నాను. చుట్టి ఉంచిన ఫోము ఆలస్యంగా పొంగుతుంది. సందుల్లోంచి గాలి పోతే ఈల వస్తుంది. ఏడూ పదమూడూ అన్నవి నా లెక్కలే కనుక నా భయం వాటిని అతికించి ఉండవచ్చు. విడివిడిగా అన్నీ సరిపోతున్నాయి. అన్నీ కలిసి ఆ నిమిషాన, ఆ వరసలో ఎందుకు... అక్కడ ఆగిపోతున్నాను.

నాలుగు రోజుల తరువాత కాలేజీలో ఉండగా కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీ రీఫండ్ అప్రూవ్ అయింది. ఇంకో విషయం సార్... మీ వీడియోలో వెనకాల పెద్దాయన ఎవరో దగ్గుతున్నారు కదా, పాపం చాలా ఇబ్బంది పడుతున్నట్టున్నారు. అలాంటివాళ్ల కోసం మా దగ్గర వీపు ఎత్తుగా పెట్టే దిండు ఉంది సార్. మీకైతే సగం ధరకే—"

"ఎన్నిసార్లు దగ్గాడు?" అన్నాను.

"సార్...?"

"ఎన్నిసార్లమ్మా?"

ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి నాకు ఊపిరే వినబడింది. దగ్గు వినబడలేదు. శ్రీరాంపూర్‌లో గోడకు అవతల ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. వాసనకు నేనే దగ్గి మరిచిపోయి ఉండవచ్చు. సాయంత్రం వదినకు ఫోన్ చేశాను. "ఆ రాత్రి నువ్వు దగ్గినవా వదినా?"

"నేనెందుకు దగ్గుత?" అంది. తరువాత నెమ్మదిగా... "మీ అన్న ఫోన్ల నీతోని మాట్లాడుకుంట గంత దగ్గిండు. నీకు ఇప్పుడు ఇనవడ్డదా?"

వీడియో నా ఫోన్లోనే ఉంది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. అన్న పాత కాల్ రికార్డులు రెండు కూడా ఉన్నాయి. వీడియోలోని ధ్వనినీ, వాటి ధ్వనినీ గీతలుగా మార్చి పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. మా ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నం పని. ఇలాంటి పని చేయని వాళ్లను వేదికల మీద ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కే లేదు.

రెండు నెలలయింది.

ఒక్కసారి మాత్రం, చప్పుడు పూర్తిగా తగ్గించి చూశాను. అంచు దగ్గర ఎవరూ లేరు. నేనొక్కడినే ఉన్నాను, ముక్కూ నోరూ మూసుకుని.

చప్పుడు పెంచలేదు.