డబ్బాలో డ్రమ్మర్‌ను కూర్చోబెట్టిన మా కీబోర్డు సార్

మా కీబోర్డు సార్ పోయారన్న కబురు మా ఆర్కెస్ట్రా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. వచ్చాక కూడా కాసేపు ఎవరికీ తెలియలేదు. అందుకు కారణం సారే. ఎన్నో ఏళ్లుగా రోజూ పొద్దున్నే ఆయన ఆ గ్రూపులో ఒక డ్రమ్ము చప్పుడు రికార్డు చేసి పెట్టేవారు. కింద ఒకటే ప్రశ్న: "నిజమా, అబద్ధమా?" అంటే, మనిషి కొట్టిందా, కీబోర్డు కొట్టిందా చెప్పాలి. మొదట్లో శ్రద్ధగా వినేవాళ్లం. పోనుపోను వినకుండానే "నిజమే సార్" అని రాసేయడం అలవాటైంది. ఆ రోజు పొద్దున సార్ ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ రాగానే, మా సౌండ్ బాక్సుల అతను "సూపర్ సార్! అచ్చం నిజం లెక్కనే ఉంది" అని పెట్టి, చప్పట్ల బొమ్మ కూడా తగిలించాడు.

నేను బియ్యం కడుగుతూ దాన్ని తెరిచాను. డ్రమ్ము చప్పుడు కాదు. సార్ భార్య గొంతు. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. "సార్ పోయిండమ్మా. తెల్లారంగ నిద్రలనే పోయిండు. అందరు రాండ్రి."

గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనే, సౌండ్ బాక్సుల అతని చప్పట్లు చూసి నవ్వు కూడా వచ్చింది. ఈ సంగతి తెలిస్తే అందరికంటే గట్టిగా నవ్వేది సారే కదా అనిపించింది.

సార్‌ది పోచంపల్లి పక్కన మగ్గాల ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేసేవారు. పగలంతా పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం, ముహూర్తాలున్న సాయంత్రాలు కీబోర్డు భుజాన వేసుకుని ఫంక్షన్ హాళ్లకు పోవడం. నేను అల్మాస్‌గూడ నుంచి వెళ్లి ఆయన ట్రూపులో పాడేదాన్ని.

ఆయనది అరేంజర్ కీబోర్డు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎడమ చేత్తో మూడు నాలుగు మీటలు నొక్కి పట్టుకుంటే చాలు, డ్రమ్ములు, బేస్ గిటారు అన్నీ అదే మోగించుకుంటూ పోతుంది. కుడి చేత్తో మనం పాట వాయించుకోవచ్చు. ఒక్క మనిషి, ఒక్క డబ్బా, నిండు ఆర్కెస్ట్రా. మా ట్రూపును చెడగొట్టింది కూడా ఆ సుఖమే.

మాకు నిజం డ్రమ్మర్ ఒకాయన ఉండేవాడు. బెజవాడ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డవాడు. మేమంతా డ్రమ్స్ అన్న అనేవాళ్లం. భారీ మనిషి. ఆయనకొక ఆటో, ఆయన డ్రమ్ములకొక ట్రాలీ ఆటో కావాలి. ఆయన కొడుతుంటే స్టేజీ మీద పూలదండలు ఊగేవి. కాలం గడిచేకొద్దీ పెళ్లిళ్లలో పూల అలంకరణ పెరిగింది, మాకిచ్చే చోటు తగ్గింది. ఒక రిసెప్షన్‌లో డ్రమ్ములు దించుతుంటే పెళ్లివారి తరఫు మనిషి అడ్డం వచ్చాడు.

"గివన్నీ ఎందుకు సార్? ఫోటోల అడ్డమొస్తయి. అన్నీ మీ డబ్బాలనే ఉంటయి గద!"

సార్ ఏదో సర్దిచెప్పబోయేలోపే డ్రమ్స్ అన్న కర్రలు సంచిలో పెట్టేసుకున్నాడు. "అయితే నాకెందుకండీ భోజనం? ఆ డబ్బాకే పెట్టించండి గురూగారూ," అని మళ్లీ ట్రాలీ ఎక్కాడు. ఆ తర్వాత రాలేదు. ఎల్బీనగర్‌లో కర్రీ పాయింట్ తెరిచాడని తెలిసింది. సార్ ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు.

ఆ వారమే సార్ నాతో అన్నారు: "తమ్ముడు అలిగి పోయిండు. ఇగ గీ డబ్బా వాని లెక్క కొట్టాలె అమ్మా. లేకుంటే నేను గీ పని బంద్ జేసి చీరలే అమ్ముకుంట."

అక్కడి నుంచి మొదలైంది ఆయన పిచ్చి. కీబోర్డులో కంపెనీవాళ్లు పెట్టిచ్చిన తాళాలు పక్కన పెట్టేశారు. పాత లాప్‌టాప్ ఒకటి కొని, ఒక్కో దెబ్బను తానే పేర్చుకోవడం మొదలుపెట్టారు. "మిషిన్ కొడితే అన్ని దెబ్బలు ఒక్క తీరుగ పడ్తయి. మనిషి కొడితే ఒకటి గట్టిగ, ఒకటి మెల్లగ, ఒకటి జర ఎనక పడ్తది. నీకు చేత్తోటి నేసిన చీర ఎట్ల తెలుస్తది? ఒక పోగు అటో ఇటో ఉంటది గద. గట్ల." ఒక దెబ్బ చప్పుడు అచ్చం అలాగే రెండోసారి వినిపిస్తే ఆయనకు పళ్లు జివ్వుమనేవి.

కొత్త చప్పుళ్ల కోసం ఇల్లంతా వెతికేవారు. ఇడ్లీ కుక్కర్ మూత, ఖాళీ సిలిండర్, స్కూటర్ సీటు, చివరికి మిద్దె మీది నీళ్ల ట్యాంకు. అక్క పప్పు తాళింపు వేస్తుంటే ఫోన్ పట్టుకుని వెనక నిలబడేవారు.

"చుయ్‌మన్నది జూడు, గది జర మల్లొకసారి వెయ్యి," అనేవారు.

"పప్పుకు ఎన్నిసార్లు తాళింపేస్తరయ్యా?" అని ఆమె గరిటె ఎత్తేది. ఆ గరిటె చప్పుడూ రికార్డయ్యేది.

ఆయన పెట్టుకున్న గట్టి నియమం ఇంకొకటుంది. డ్రమ్మర్‌కు ఉండేవి రెండు చేతులు, రెండు కాళ్లే. ఒకే క్షణంలో మూడు చేతులు కావలసిన దెబ్బలు లాప్‌టాప్‌లో పడితే అది అబద్ధం. అందుకని పేర్చిన ప్రతి తాళాన్నీ గాలిలో తానే కొట్టి సరిచూసుకునేవారు. ఇంట్లో అయితే ఫరవాలేదు. ఒకసారి మెట్రోలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కినప్పుడు కొంచెం నెమ్మదిగానే ఉంది. తర్వాతి స్టేషన్ వచ్చేసరికి చేతులు, కాళ్లు, తల అన్నీ కదులుతున్నాయి. ఎదుటి సీటులోని పెద్దాయన "అయ్యో, ఫిట్స్ ఒచ్చినయి!" అని లేచి, సార్ గుప్పిట్లో తాళంచెవుల గుత్తి కుక్కి గట్టిగా పట్టుకున్నాడు. పక్కనే ఉన్న నేను చెప్పేలోపు ఇంకొకామె మొహాన నీళ్లు చల్లింది. సార్ కళ్లు తెరిచి, ఆ గుత్తిని ఒకసారి ఊపి విని, "మంచిగున్నదన్నా. జర మల్లొకసారి ఊపుతవా, రికార్డు జేసుకుంట," అన్నారు.

బేస్ మీద కూడా అంతే పట్టు. "బేస్ చెవికి కాదు, కడుపుల తెల్వాలె. ఎప్పుడు కొట్టాల్నో అందరికి తెలుసు. ఎక్కడ ఆపాల్నో తెలిసినోడే బేస్ వాయిస్తడు," అనేవారు. పెద్ద స్పీకరు తెచ్చి నేల మీద పెట్టి సాధన చేస్తుంటే ఒకరోజు కింది వాటా ఆంటీ పైకి వచ్చింది.

"మీ చప్పుడుకు మా ఫ్రిజ్ మీద ఎంకటేశ్వరస్వామి గోడ దిక్కు తిరిగిండు సార్! పొద్దుగాల దండం బెట్టుకుందమంటే ఈపు చూపిస్తుండు!"

సార్ మొహం వెలిగిపోయింది. "ఏ పాటకు తిరిగిండమ్మా?"

ఆ తర్వాత నాగోల్‌లో ఒక రిసెప్షన్ జరిగింది. సార్ మొదటిసారి ఆ తాళాలన్నీ కీబోర్డులోకి ఎక్కించుకుని వచ్చారు. నా వెనుక డ్రమ్ములు మొదలుకాగానే నేను ఉలిక్కిపడి తిరిగి చూశాను. ఎవరూ లేరు, గులాబీలు గుచ్చిన తెర మాత్రం ఉంది. పల్లవి తిరిగొచ్చే ముందు ఆ చిన్న తొందర, చరణం మధ్యలో ఆ బరువు, అన్నీ డ్రమ్స్ అన్నవే.

పాటలయ్యాక పెళ్లికూతురి తాత కర్ర పట్టుకుని స్టేజీ దగ్గరికి వచ్చాడు. "ఆ డ్రమ్ములు కొట్టిన పిల్లగాడేడి?"

"ఎవరు లేరు తాతా, అది కీబోర్డే," అన్నాను.

"నాకు జెప్తున్నవా? నేను చిన్నప్పటికెళ్లి డప్పులు ఇంటున్న. మనిషి చెయ్యి నాకు తెల్వదా? పరదెనక కూసోబెట్టిండ్రు. మీరందరు తింటిరి, వానికి అన్నం బెట్టలె!" తెర ఎత్తి చూశాడు. గోడ తప్ప ఏమీ లేదు. అయినా నమ్మలేదు. "సిగ్గుపడి బయటికి పోయినట్టుండు. ఒచ్చినంక పెట్టుండ్రి," అని బగారన్నం, మాంసం కూర డబ్బాలో కట్టించి సార్ చేతిలో పెట్టాడు.

మేమంతా పగలబడి నవ్వాం. సార్ కూడా ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన మాత్రం ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూత గట్టిగా నొక్కారు. "పా అమ్మా, ఎల్బీనగర్ పోదాం. గిది వాని అన్నం," అన్నారు.

కర్రీ పాయింట్ ఇంకా మూయలేదు. డ్రమ్స్ అన్న దొండకాయ వేపుడు పొట్లాలు కడుతున్నాడు. మమ్మల్ని చూసి తల దించుకుని, "ఏం కావాలండీ?" అన్నాడు, ముక్కూమొహం తెలియనివాళ్లను అడిగినట్టు.

సార్ డబ్బా బల్ల మీద పెట్టారు. "నాగోల్ల నువ్వు కొట్టినందుకు ఒక పెద్దాయన పంపిండు. తిను."

"నేనెప్పుడు కొట్టానండీ?"

సార్ ఇయర్‌ఫోన్లు తీసి ఆయన చెవుల్లో పెట్టారు. డ్రమ్స్ అన్న గరిటె పట్టుకునే విన్నాడు. మొదట మొహం గట్టిగానే ఉంది. తర్వాత గరిటె కొస నెమ్మదిగా గిన్నె అంచు మీద ఆడడం మొదలైంది. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"చరణం ముందర ఒక దెబ్బ పోయిందండీ. మీ మిషన్ తప్పింది."

"తప్పలె," అన్నారు సార్. "గక్కడ నువ్వెప్పుడు కుడిచేత్తోటి చెమట తుడుసుకుంటవు. రెండు చేతులే ఉంటయి గద. ఎట్ల కొడ్తవు?"

డ్రమ్స్ అన్న మళ్లీ పొట్లాలు కట్టబోయాడు. వేపుడు కోసం వచ్చిన ఒకాయన "అన్నా, కారం ఎక్కువైందా ఏంది, కండ్లల్ల నీళ్లొస్తున్నయి?" అన్నాడు. "ఉల్లిపాయలండీ," అన్నాడు డ్రమ్స్ అన్న. దొండకాయ వేపుడులో ఉల్లిపాయలు లేవు. ఆయన బల్ల మీదే కూర్చుని ఆ బగారన్నం మొత్తం తిన్నాడు.

ఆ తర్వాత సార్ పెళ్లివారితో ముందే చెప్పేసేవారు: "డబ్బా ఒస్తే డ్రమ్స్ అన్న గూడ ఒస్తడు. జాగ లేకుంటే నా కుర్చీ తీసెయ్యుండ్రి, నిలబడి వాయిస్త." ట్రాలీ నిండా డ్రమ్ములు రాలేదు. ఒక్క డ్రమ్ము, ఒక్క సింబల్ పళ్లెం వచ్చేవి. సగం కీబోర్డు కొట్టేది, సగం ఆయన కొట్టేవాడు. ఏది ఎవరిదో మాకే తెలిసేది కాదు.

మొన్నటి వేసవిలో సార్‌కు గుండె సమస్య వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ ఈసీజీ పట్టీ చూసి, "మీ గుండె సమానంగా కొట్టుకోవట్లేదండీ," అంది. సార్ మా వైపు గర్వంగా చూసి, "ఇన్నరా? మనిషినే అన్నట్టు," అన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు. మేం నవ్వాం. అప్పటికి మాకు భయం తెలియదు.

పెద్దకర్మ నాడు వంట అంతా డ్రమ్స్ అన్నే చేశాడు. జనం వెళ్లిపోయాక అక్క ముందుగది తలుపు తీసి, "కీబోర్డు నువ్వే తీస్కపో అన్నా," అంది.

"నాకు వాయించడం రాదమ్మా."

"నాకు మాత్రం ఒస్తదా? ఊకె ఉంటే దానికి దుమ్ము పడ్తది. నువ్వు తుడుస్తవు."

కీబోర్డు ఆటోలో అడ్డంగా పట్టలేదు, ఒక కొస బయటికి వచ్చింది. వెనక వచ్చేవాళ్లకు కనపడాలని అక్క ఎర్రటి జాకెట్టు గుడ్డ ఒకటి తెచ్చి ఆ కొసకు ముడి వేసింది. డ్రమ్స్ అన్న కీబోర్డును ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, "కొంచెం మెల్లగా పోనివ్వండి," అన్నాడు డ్రైవర్‌తో. ఆటో గల్లీ మలుపు తిరిగి మెట్రో స్తంభాల కిందికి పోయింది. మనుషులు కనపడటం ఆగిపోయాక కూడా ఆ ఎర్ర గుడ్డ బస్సుల మధ్య ఎగురుతూ చాలా దూరం కనిపించింది.