అవ్వతో ప్రాక్టికల్ పరీక్ష

నర్సింగ్ రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో ఒకసారి ఫెయిలయ్యాను. చదవక కాదు. బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే బస్సులో కూడా పుస్తకం మూసేదాన్ని కాదు. పేషెంట్‌కు ఏ పరీక్ష చేసినా, ముందు ఏం చేస్తున్నామో ఆ పేషెంట్‌కు చెప్పాలి. సీనియర్ల నోటుబుక్కుల్లోంచి ఆ మాటలు మేమంతా ఇంగ్లీషులో బట్టీ పట్టేవాళ్లం. ఆ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు. ఎగ్జామినర్ మేడం పక్కన నిలబడగానే నాకు రెండో వాక్యం దగ్గర మాట ఆగిపోయింది. మంచం మీది పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. ఆ చూపంటే ఇప్పటికీ నాకు కోపమే.

సప్లిమెంటరీ కూడా పోతే ఏడాది పోతుంది, తోటివాళ్లంతా ముందుకెళ్లిపోతారు. ఆ నెలంతా అన్నం సహించలేదు. ఎంత ఎక్కువ చదివితే అంత తక్కువ గుర్తుండేది. టెన్షన్ పడొద్దని అందరూ చెప్పేవాళ్లు, చెప్పిన వాళ్లెవరూ నాకు నచ్చేవాళ్లు కాదు. చెరుకు తోట నుంచి ఇంటికొచ్చాక మా బాపు, అంటే నాన్న, మాత్రం ఏమీ అడిగేవాడు కాదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

సప్లిమెంటరీ రోజు నా వంతు పేషెంట్ నందిపేట్ నుంచి వచ్చిన ఓ ముసలి అవ్వ. బీపీ చూడాలి. మేడం వైపే చూస్తూ ఇంగ్లీషు మొదలుపెట్టాను. అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమంటున్నవ్ బిడ్డా? సూది గుచ్చుతవా ఏంది?"

నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోంది. ఆ సంగతి అప్పటిదాకా నేను చూడనే లేదు.

"సూది లేదవ్వా. గీ పట్టీ చేతికి చుట్టి గాలి కొడ్త. జర గట్టిగ పడ్తది, మల్ల ఇడుస్త. చెయ్యి గిట్ల పెట్టు."

అవ్వ చెయ్యి చాపింది. పట్టీ చుట్టి గాలి కొట్టాను. స్టెతస్కోపులో చప్పుడు స్పష్టంగా వినిపించింది. మేడం మళ్లీ తానే చూశారు. ఆమెకూ నేను చెప్పిన అంకెలే వచ్చాయి.

ఇంగ్లీషులో చెప్పనందుకు మార్కులు పోతాయా అని మెల్లగా అడిగాను. ఆమె రాసుకుంటూనే అన్నారు, "పేషెంట్‌కు చెప్పమన్నాను. నాకు చెప్పమనలేదు కదా."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బయటికొచ్చిన కాసేపటికి బాపుకు ఫోన్ చేసి, పరీక్ష మంచిగ అయిందన్నాను.

"ఇగ అన్నం తింటవా మరి?" అన్నాడు.

అప్పటికే హోటల్లో రెండో ప్లేటు ఇడ్లీ ముందు కూర్చున్నాను.