మొదటి ముంత

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి వేసవి. మా మార్కాపురం తాలూకా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, కర్నూలు జిల్లా కింద ఉండేది. పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఉన్న ఒక పల్లెలో క్రైస్తవులకు రాతి గుడి కట్టే పని ఒప్పుకున్నాను. నేను క్రైస్తవుణ్ణి కాను. రాయీ సున్నం ఎక్కడుంటే అక్కడ పనిచేసే మేస్త్రీని.

వాళ్లంతా కూలినాలి చేసుకునేవాళ్లు. ఎసట్లో గింజలు పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి, దేవుని పేర వేరే కుండలో వేసేది. ఏళ్ల తరబడి తీసిన ఆ పిడికెళ్లతోనే గోడలు లేచాయి. ఇక మిగిలింది తలవాకిలి మీద ఆర్చి, పైకప్పు.

ఆర్చి కింద కర్రలతో అచ్చు నిలబెడతాం. దాన్ని సెంటరింగ్ అంటారు. సున్నం గట్టిపడేదాకా రాళ్ల బరువు అదే మోస్తుంది. ఈలోగా రోజూ నీళ్లతో తడపాలి. అది క్యూరింగ్. తడి చాలకపోతే సున్నం పిండిపిండి అయిపోయి, సెంటరింగ్ తీసిననాడు ఆర్చి కూలుతుంది.

వానలు పడేదాకా ఆగితే సరిపోయేది. గిద్దలూరులో ఇంకో పని కాచుకుని ఉందని నేనే తొందరపడ్డాను. ఆర్చి ఎత్తిన రెండో రోజుకే గుడి బావి అడుగంటింది. ఊరి రైతుల బావిలో నీళ్లున్నా, అంటరానివాళ్లని వీళ్లను దాని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. నాకు మాత్రం తాగడానికి రోజుకో కడవ ఇచ్చేవాళ్లు. తప్పు చేసింది నేను, దప్పిక వాళ్లది. అందరినీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాను.

"పది దినాలు తడపాల. లేకుంటే ఆర్చి పడిపోతాది. మళ్లీ మొదటికి రావాల్సిందే."

సారమ్మ అనే ముసలామె లేచింది. "పిడికెడు తీసినోళ్లం, ముంత తీయలేమా నాయనా?"

మర్నాటి నుంచి ఆడవాళ్లు మైలు దూరంలో ఉన్న వాగులో ఇసుక తవ్వి, చెలమలో నీళ్లు ఊరేదాకా కాచుకుని కూర్చునేవాళ్లు. కడవ నిండాక ఇంటికి పోకముందే మొదటి ముంత గుడికి పోసేవాళ్లు. ఇళ్లలో పిల్లలకు నీళ్లు కొలిచి పోస్తున్నారని విని నాకు అన్నం సహించలేదు. ఆ మొదటి పొద్దునే, వాళ్లు వాగు నుంచి రాకముందే, పైకప్పు రాళ్ల కోసం బండ్లు కట్టించుకుని వెళ్లాను.

అయిదో రోజు తిరిగొచ్చి నిచ్చెనెక్కి చూశాను. ఆర్చి ఎండి తెల్లగా పాలిపోయింది. బలిపీఠం వెనక గోడ మాత్రం నీళ్లు కారుతోంది. ఆ గోడ కట్టి ఆర్నెల్లయింది!

"ఏంది అవ్వా ఇది? కడుపు నిండినోనికే తాపుతా ఉంటే ఎట్ల?" అని అరిచాను.

సారమ్మ బిత్తరపోయింది. "దేవునికి తీసిన నీళ్లు గదా, బలిపీఠం కాడ పోసినాం. వాకిట్లో పోస్తే అందరూ తొక్కరా?"

నా కోపం చప్పున దిగిపోయింది. ఎక్కడ పోయాలో చెప్పకుండా పోయింది నేనే.

"వాకిలి కూలితే బలిపీఠం కాడికి ఎవురు పోతారవ్వా? వాకిలి గూడ ఆయనదే గదా."

"అట్లయితే ఇన్ని నీళ్లూ మట్టిపాలు జేస్తిమా!" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఓదార్చడం నాకు చేతకాదు. ఆర్చి మీద గోనెపట్టలు కప్పి, నా తాగే నీళ్ల కడవ తెచ్చి వాటి మీద కుమ్మరించాను.

నాలుగు రోజులు ఎండిన సున్నం మళ్లీ పట్టుకుంటుందో లేదో నాకే తెలియదు. పది దినాలు కాస్తా ఇరవై చేశాను. ఒక్కరూ మానలేదు. సారమ్మ సగం కడవ పోసేది. "మరి ఇంటికి?" అంటే "ఇంగోసారి పోతా, నా కాళ్లేమైనా అరువు తెచ్చినానా?" అనేది.

సెంటరింగ్ విప్పే పొద్దున పల్లె పల్లెంతా వచ్చింది. నేను సుత్తి పట్టుకోగానే సారమ్మ వెళ్లి సరిగ్గా ఆర్చి కిందే నిలబడింది.

"పక్కకు రా అవ్వా, పడితే చస్తావు."

"ఇన్ని దినాలు నీళ్లు తాపినదాన్ని, నన్నెందుకు కొడతాది? నువ్వు కానియ్ నాయనా."

అలాంటప్పుడు నేను ఎప్పుడూ గోడ పక్కకు ఒదిగి నిలబడి, సెంటరింగ్ కింద బిగించిన చెక్క చీలలు కొట్టేవాణ్ణి. ఆవేళ సిగ్గేసింది. వెళ్లి ఆమె పక్కన నిలబడి కొట్టాను. కర్రలు దిగాయి. కాస్త సున్నం దుమ్ము మా ఇద్దరి నెత్తిన రాలింది, అంతే. ఆర్చి కదల్లేదు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

నాలుక పిడచకట్టింది. ముందురోజు నా కడవ కూడా ఆర్చికే పోసేశాను, ఆనాటిది ఇంకా రాలేదు. సారమ్మ ముంత తెచ్చి చెయ్యి చాచింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకోబోయింది.

"మా చేతి నీళ్లు నువ్వు తాగవు గదా నాయనా."

"ఏ నీళ్లవ్వా అవి?"

"పొద్దున తీసిన మొదటి ముంత. ఆర్చికి ఇంక అక్కరలేదంటివి గదా, నీకని తెచ్చినా."

రెండు చేతులా అందుకుని అడుగుదాకా తాగాను. పంటికింద ఇసుక తగిలింది.

మా ఇంట్లోనూ దేవునికి పెడతాం, మాకు లోటు లేకుండా చూసుకుని. వాళ్లు కరువులో కూడా ముందుగా తీసి పెట్టారు. ఆ తీసిపెట్టింది చివరికి నా చేతికే వచ్చింది. అది మొదలు, పని ఎక్కడైనా సరే, పొద్దున్నే కడవ రాగానే మొదటి ముంత ఎవరికి అవసరమో చూసి, వాళ్లకు పోశాకే నేను తాగుతున్నాను.