విప్పకుండానే చూద్దాం సార్

సకల జనుల సమ్మె రోజుల్లో బస్సులన్నీ డిపోల్లో పడి నిద్రపోతుంటే, నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి డ్యూటీకి పాలబండిలో పోయేదాన్ని. ఎంత బంద్ అయినా పాలబండికి అడ్డు లేదు. వెనకాల ఒక ట్రే బోర్లించుకుని కూర్చుంటే ఎల్బీనగర్ దాకా రాజభోగమే. చౌరస్తాలో దీక్షా శిబిరం వాళ్లు రోడ్డుకు అడ్డం కట్టిన తాడు ఎత్తి వదిలేవారు, కాకపోతే బండిలో వాళ్లంతా ముందు జై తెలంగాణ అనాలి. మా ప్లాంటు మేనేజరుగారిది గుంటూరు వైపు. కొత్తపేటలో ఎక్కేవారు. బండిలో అందరికన్నా గట్టిగా అరిచేది ఆయనే. ఒకరోజు తాడు దగ్గరికి రాకముందే కంగారుపడి అరిచేసి, తాడు దగ్గర మళ్లీ అరిచారు.

మాది నల్లగొండ జిల్లా. డిప్లొమా చదివి ఆ పాల ప్లాంటులో మిషన్ల బాగోగులు చూసేదాన్ని. కంప్రెసర్లు నడిపే పెద్దాయనదీ మా వైపే, నేను కాకా అని పిలిచేదాన్ని. పొద్దున కాసేపు శిబిరంలో కూర్చుని, మెడలో గులాబి కండువాతోనే డ్యూటీకి వచ్చేవాడు. ఒక్క పూట ఆలస్యంగా వచ్చింది లేదు.

అప్పుడే బతుకమ్మ పండగ వచ్చింది. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లకు డ్యూటీ దిగేసరికి చీకటి పడేది. బస్సుల్లేవు, సరూర్‌నగర్ చెరువు దాకా పోవడం ఎలా అని వాళ్లు దిగాలుగా ఉంటే మేనేజరుగారికి జాలేసింది. యార్డులోనే ఆడుకోమన్నారు. "చెరువు దాకా ఎందుకమ్మా, మన ట్యాంకులో నీళ్లు లేవా ఏంటి" అని కూలింగ్ టవర్ కింద తొట్టి చూపించారు. ఆయన ఊళ్లో బతుకమ్మ లేదు మరి. మొదటి రోజు నుంచీ నేనూ వాళ్లతో చప్పట్లు కొడుతూ తిరిగినదాన్నే. ఆట అయ్యాక పూల బతుకమ్మల్ని ఆ తొట్టి నీళ్లలోనే వదిలేవాళ్లం. పొద్దున్నే ఆడవాళ్లు పైన తేలుతున్న పూలన్నీ బుట్టతో తీసేసేవారు. తొట్టి అద్దంలా ఉండేది.

నాలుగైదు రోజులు తిరిగేసరికి పాలు సరిగా చల్లబడటం మానేశాయి. పాలను చల్లబరిచే యంత్రం తాను లాగిన వేడినంతా ఎక్కడో వదిలించుకోవాలి కదా, ఆ పని చేసేది కండెన్సర్. పెద్ద ఇనుప పీపా, దాన్నిండా సన్న గొట్టాలు. గొట్టాల్లో నీళ్లు, బయట వేడెక్కిన అమ్మోనియా. అది రోజురోజుకూ చేతకానిదైపోతోంది. ట్యాంకరు నీళ్లు ఆగిపోయి బోరు నీళ్లు వాడుతున్నాం కనక గొట్టాల్లో ఉప్పు పొర కట్టి ఉంటుందని అందరం అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం మేనేజరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఓనరుగారు ఫోన్ చేశారట. రేపు పొద్దున్నే కండెన్సర్ విప్పి యాసిడ్‌తో కడిగించమన్నారట. అంతటితో ఆగలేదు. సమ్మె టైములోనే ఇలా ఎందుకైంది, ఆ శిబిరంలో కూర్చునే ముసలాయన ఏదో చేసి ఉంటాడు, రేపట్నుంచి రావద్దని చెప్పేయమన్నారట. చెప్పి ఆయన టేబుల్ వైపు చూస్తూ అడిగారు.

"నిజం చెప్పమ్మా. మీవాళ్లెవరైనా చేశారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకు ముందు రోజే నా టిఫిన్ డబ్బాలోంచి సద్ద రొట్టె తిని, ఇదేంటమ్మా ఇంత బాగుందన్న మనిషి ఇవాళ మీవాళ్లంటున్నాడు. కాకాను తీసేస్తే నేనూ రానని ముఖాన చెప్పేశాను. ఆ గొట్టాలు అసలే పాతబడి పల్చబడ్డాయి, యాసిడ్ పడితే చిల్లులు పడి అమ్మోనియా బయటికొస్తుంది, అప్పుడు ప్లాంటుకే తాళం పడుతుందని కూడా చెప్పాను. గొంతు కొంచెం పెద్దదే అయినట్టుంది, బయట టైపు చప్పుడు ఆగింది.

"విప్పకుండానే చూద్దాం సార్. సాయంత్రం దాకా నా జోలికి రాకండి."

జ్వరమొచ్చిందని ముందే పొట్ట కోయరు కదా, నుదుటి మీద చెయ్యేసి చూస్తారు. నేనూ అదే చేశాను. కండెన్సర్‌లోకి పోయే నీళ్ల వేడి చూశాను, ఎప్పటిలాగే ఉంది. బయటికొచ్చే నీళ్లు మాత్రం మామూలు కన్నా బాగా వేడిగా ఉన్నాయి. గొట్టాల్లో పొర కడితే అమ్మోనియా వేడికీ బయటికొచ్చే నీళ్ల వేడికీ మధ్య ఎడం పెరగాలి, ఎందుకంటే పొర వేడిని నీళ్లదాకా రానివ్వదు. ప్రెషర్ గేజీ చూసి అమ్మోనియా వేడి లెక్క కడితే ఎడం ఏమీ పెరగలేదు. అంటే గొట్టాలు శుభ్రంగానే ఉన్నాయి. వచ్చిన నీళ్లు మోయాల్సిన వేడి మోస్తూనే ఉన్నాయి, రావాల్సినన్ని నీళ్లే రావడం లేదు. అక్కడికక్కడే ఆ తుప్పు పీపాను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

తర్వాత తొట్టి నీళ్లను కండెన్సర్‌లోకి తోసే పంపు దగ్గరికి పోయాను. మోటారు లాగే కరెంటు కూడా తగ్గింది. స్క్రూడ్రైవర్ మొన పంపుకు ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే లోపల కంకర నములుతున్న చప్పుడు. పంపు నీళ్ల కోసం గుటకలేస్తోందన్నమాట. తొట్టికీ పంపుకీ మధ్య ఒక జల్లెడ ఉంటుంది. దాన్ని విప్పితే ఎవరికీ ఏ నష్టం లేదు. కాకా పంపు ఆపి వాల్వు కట్టేశాడు. మేనేజరుగారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. మూత తీసి జల్లెడ బయటికి లాగాను.

కుళ్లిన పూల ముద్ద. తంగేడు, బంతి, మధ్యలో ఇంకా తెల్లదనం పోని గునుగు. పైన తేలినవి బుట్టలోకి పోతే, అడుక్కి దిగినవన్నీ ఇక్కడ చేరాయి.

"గునుగు పువ్వు గీడికెట్లొచ్చె బిడ్డా?" అన్నాడు కాకా, నిజంగానే అర్థంకాక. ఆట మొదలయ్యేసరికి రోజూ ఆయన డ్యూటీ దిగిపోయేవాడు.

నేను మేనేజరుగారి వైపు చూశాను. ఆయన ముఖంలో రంగులు మారాయి. తొట్టి వైపు చూశారు, జల్లెడ వైపు చూశారు, ఆఖరికి తన వేలిని చూసుకున్నారు. మొదటి రోజు తొట్టిని చూపించిన వేలు అది. నాకు నవ్వు ఆగలేదు. కోపంగానే ఉందామనుకున్నా కుదరలేదు, ముందు నేను, నా వెనక ఆయన, ఎందుకో తెలియకుండానే కాకా, ముగ్గురం పడీ పడీ నవ్వాం.

జల్లెడ కడిగి బిగించి పంపు వేస్తే కంకర చప్పుడు లేదు. టీ తాగి వచ్చేసరికి ప్రెషర్ ముల్లు దిగడం మొదలైంది. అంతలో మేనేజరుగారి ఫోన్ మోగింది. ఓనరుగారు. ఆయన గదిలోకి పోలేదు, మా ముందే మాట్లాడారు. కండెన్సర్ బాగుందండీ, యాసిడ్ అక్కర్లేదండీ అన్నారు. అవతల ఏం అడుగుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది.

"చేసింది మనవాళ్లేనండీ. చెయ్యమన్నది నేను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మధ్యాహ్నం నుంచీ మోస్తున్న కోపమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. మర్నాడు సాయంత్రానికి యార్డులో ఒక నీలం డ్రమ్ము వెలిసింది, దాని నిండా నీళ్లు ఆయనే దగ్గరుండి పట్టించారు.

కాకా మాత్రం ఆ పూల ముద్దను బకెట్లో ఎత్తుకుని, బతుకమ్మ పూలు కాళ్ల కింద పడొద్దంటూ గోడ వారనున్న జామచెట్టు మొదట్లో పోసి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే కండువాతో ఎప్పటి టైముకే డ్యూటీ ఎక్కాడు. తనను రావద్దనబోయారన్న సంగతి ఆయనకు నేనూ చెప్పలేదు, మేనేజరుగారూ చెప్పలేదు.