రేకుల షెడ్డులో ఊటీ

మండువేసవిలో రేకుల షెడ్డు ఊటీలా చల్లగా ఉంటుందని శాస్త్రీయంగా నిరూపించిన మానవుణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. నవ్వకండి, గ్రాఫులు కూడా గీశాను. ఆ గ్రాఫుల పుణ్యమా అని ఒక పసిబిడ్డ నెత్తిన నిప్పులు కురవబోయాయి, ఒక కాంట్రాక్టరుకు పట్టరాని సంతోషం కలిగింది, మా గైడ్ మేడం ఇప్పటికీ నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు కాసేపు నవ్వు ఆపుకుని తర్వాత పేరు చెబుతారు. ఇంతటి ఘనకార్యం ఒక్కరోజులో జరిగేది కాదు. దానికి చాలా చదువుకోవాలి.

అప్పుడు నేను బెంగళూరులో పరిశోధన విద్యార్థిని. ఏం చేసినా అది జనానికి పనికిరావాలని మా విభాగంలో పట్టుదల. కాబట్టి బిల్డింగు పని చేసే కూలీల షెడ్లలో ఎండాకాలం ఎంత వేడి ఉంటుందో కొలుస్తానన్నాను. ఈ నిర్ణయం మడివాళలో నా పీజీ గదిలో, ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని తీసుకున్నాను.

చందాపుర దాటాక ఒక పెద్ద అపార్ట్‌మెంటు లేస్తోంది. దాని వెనకాలే కూలీల షెడ్లు, గోడలూ రేకులే, కప్పూ రేకులే. మొదటి షెడ్డు ఓబులమ్మక్కది. కదిరి వైపు నుంచి వచ్చినవాళ్ళు. మొగుడు సైటులో ఇనుప కడ్డీలు కట్టే పని చేస్తాడు, ఆమె సాయంత్రాలు చందాపుర కూడలిలో మల్లెపూలు అమ్ముతుంది. కూతురికి నెలలు నిండుతున్నాయి. పురిటికి అమ్మ దగ్గరికే రావాలి. అమ్మ ఉండేదేమో ఈ పెనం మీద. ఆ దిగులుతోనే ఆమె కాంట్రాక్టరు శంకరప్ప వెంటపడి, రేకుల కింద సీలింగు వేయించమని అడుగుతోంది.

శంకరప్ప తాతల నాడే బెంగళూరు చేరిన తెలుగువాడు, మాటకారి. మా విభాగం వాళ్ళు కలిసినప్పుడు ఆయన ఒక షరతు పెట్టాడు. వేడి వేడి అని అందరూ అంటారు, ఎంత వేడో లెక్క చూపిస్తే షెడ్ల వరసంతటికీ సీలింగు వేయిస్తానన్నాడు. ఆ లెక్క తెచ్చే బాధ్యత నాది. అంటే పుట్టబోయే బిడ్డ నిద్ర నా చేతుల్లో ఉందన్నమాట. ఆ బిడ్డకు ఈ సంగతి ముందే తెలిసుంటే తల్లిని కదిరిలో బస్సు ఎక్కనిచ్చేది కాదు.

విభాగం నాకు రెండు యంత్రాలిచ్చింది. అగ్గిపెట్టెంత ఉంటాయి, గంట గంటకూ ఉష్ణోగ్రత నమోదు చేసుకుంటాయి. ఒకటి పోలిక కోసం నా పీజీ గదిలో పెట్టుకున్నాను. రెండోది ఓబులమ్మక్క షెడ్డులో మేకుకు తగిలించి, పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఇది చాలా ఖరీదైనదక్కా, ఎండ తగలకూడదు, పిల్లల చేతికి చిక్కకూడదు, దీనికేమన్నా అయితే నా డిగ్రీ గంగలో కలుస్తుంది అని. ఆమె పెళ్ళివారి నగలు దాచమని ఇచ్చినంత శ్రద్ధగా విన్నది.

"నీ వస్తువును నా పానం మాదిరి చూసుకుంటా, నువ్వు నిమ్మళంగా పోప్పా," అంది.

నేను నిమ్మళంగానే పోయాను. అదే నా కొంప ముంచింది.

ఆ యంత్రంలో ఒక సుఖం ఉంది. గుమ్మం బయట నిలబడి ఫోను తీస్తే చాలు, లోపలి లెక్కంతా ఫోనులోకి వచ్చేస్తుంది. వారం వారం బస్సు దిగి, ఎదురు గోడ నీడలో నిలబడి లెక్క దించుకుని, కొబ్బరిబోండాం తాగి మడివాళ వచ్చేసేవాణ్ణి. నేను వెళ్ళే వేళకు ఓబులమ్మక్క పూలకని మార్కెట్టుకు పోయి ఉండేది. ఒక్కసారైనా తలుపు తోసి లోపలికి తొంగి చూసిన పాపాన పోలేదు. చెప్పాను కదా, పెద్ద చదువులు.

వేసవి ముదిరాక గ్రాఫు గీశాను. నా పీజీ గది గీత మిట్టమధ్యాహ్నం కొండెక్కి కూర్చుంది. షెడ్డు గీత మాత్రం కింద ఎక్కడో హాయిగా పడుకుని ఉంది. పొద్దున్నే బాగా చల్లబడి, సాయంత్రానికి కాస్త పైకి లేస్తోంది. బుద్ధున్నవాడెవడైనా ఏదో తేడా వచ్చిందనుకుంటాడు. నేను ఒక సిద్ధాంతం కనిపెట్టాననుకున్నాను. శ్రామికుల సహజ వాస్తు జ్ఞానం అని ఏకంగా ఒక అధ్యాయం రాసిపారేశాను. రేకుల మధ్య సందులు, అందులోంచి వచ్చే గాలి, దండెం మీద ఆరేసిన తడి చీరలు, అన్నీ అందులో ఉన్నాయి. సాయంత్రం వేడి పెరగడానికి కారణం ఇంటిల్లిపాదీ ఒకచోట చేరడం. దానికి కుటుంబ ఉష్ణం అని పేరు కూడా పెట్టాను.

మేడం చదివి కళ్ళజోడు తీశారు. యంత్రం ఎక్కడుందో వెళ్ళి చూశావా అని అడిగారు. చూశాను మేడం అన్నాను. చూడ్డం మాట నిజమే, తగిలించిన రోజున చూశాను.

మరుసటి రోజు మధ్యాహ్నం సైటు ఆఫీసులో సమావేశం. శంకరప్ప, ఓబులమ్మక్క, నేను. ఏసీ చల్లగా వీస్తోంది. నేను తెర మీద గ్రాఫు వేసి, కూలీ జనపు జ్ఞానాన్ని ఆకాశానికెత్తాను. ఓబులమ్మక్క ముఖంలో రంగు మారుతుంటే, నా పొగడ్తలకు సిగ్గుపడుతోందనుకున్నాను.

శంకరప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే మా ఆఫీసు కంటే ఆ షెడ్డే సల్లగా ఉండాది. ఇంక సీలింగు ఏల సార్?"

అప్పుడు పడింది నా నెత్తిన పిడుగు. పురిటికి రాబోయే అమ్మాయి గుర్తొచ్చి తెర మీది గ్రాఫును గబగబా ఆపేశాను. నిజంగా అంత సిగ్గు నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఓబులమ్మక్క మాత్రం గొంతు పెంచలేదు. సంగటి చేసి వచ్చాను, ఇద్దరూ మా ఇంట్లోనే తిని పోండి అంది. ఉచితంగా ఊటీ చూడొచ్చని శంకరప్ప హుషారుగా లేచాడు.

షెడ్డులో కూర్చున్నాం. పళ్ళెంలో సంగటి పొగలు కక్కుతోంది, పక్కన ఎర్రటి మిరపకాయ పచ్చడి, పైన రేకులు. రెండో ముద్దకే శంకరప్ప చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నా కనుబొమ్మల మీదుగా చెమట కారి పళ్ళెంలో పడుతోంది. అయినా చూడండి నా నిబ్బరం, ఇవాళ గాలి దిశ మారినట్టుంది, మామూలుగా ఇలా ఉండదు అని ఆయనకు నచ్చజెబుతున్నాను. ఒళ్ళు ఉడికిపోతున్నా గ్రాఫు మీద నమ్మకం వదల్లేదు. చివరికి గోడ మీద మేకు కేసి చూశాను. దానికి ఓబులమ్మక్క మొగుడి టోపీ వేలాడుతోంది.

"అక్కా, నా యంత్రమేది?"

ఆమె మూలకు వెళ్ళి పూల పెట్టె మూత తీసింది. తెల్లటి థర్మోకోల్ పెట్టె. అడుగున ఐసు, దాని మీద తడి గోనె, గోనె మీద మల్లెమొగ్గలు. వాటి మధ్య, పాలిథిన్ కవరులో భద్రంగా చుట్టుకుని, నా డిగ్రీ. పొద్దున కొత్త ఐసు వేసినప్పుడు చల్లబడేది, సాయంత్రం పూలు తీసేసరికి ఐసు కరిగి వేడెక్కేది. నేను కుటుంబ ఉష్ణమని పేరు పెట్టింది దీనికే.

"ఎండ తగలగూడదంటివి, పిలకాయల చేతికి పోగూడదంటివి. ఇంట్లో యాడ పెట్టినా కాలిపోతాండాది, కరిగిపోతాదని బయమేసింది. మా ఇంట్లో సల్లగుండేది ఈ పెట్టె ఒకటే గదప్పా," అంది.

శంకరప్ప పొలమారేదాకా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, తన దారికొచ్చాడు. లెక్క తప్పయింది కాబట్టి మళ్ళీ కొలవాలి, కొలిచాక చూద్దాం అన్నాడు.

ఓబులమ్మక్క సంగటి గిన్నె ఒళ్ళో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "సరేప్పా. ఆయప్ప కొలిచేదాంకా నువ్వు ఈడే కూచో. ఇంగో ముద్ద ఏస్తా."

వేసింది కూడా. పెట్టిన చెయ్యిని కాదనలేక ఆయన తింటున్నాడు, తిన్నకొద్దీ చెమటలు కక్కుతున్నాడు. ఆ ముద్ద సగంలో ఉండగానే శంకరప్ప సోమవారం మనుషుల్ని పంపిస్తానన్నాడు. వరసంతటికీనా అని ఆమె అడిగింది. వరసంతటికీ అన్నాడు. అప్పుడు గానీ ఆమె గుమ్మం వదల్లేదు.

సీలింగు పడింది. కూతురొచ్చింది, ఆడపిల్ల పుట్టింది. సీలింగు వేశాక వేడి ఎంత తగ్గిందో కొలవడానికి నేను మళ్ళీ యంత్రం పట్టుకెళ్ళాను. ఈసారి తెలివి తెచ్చుకుని, ఇది పనికిమాలిన చౌక వస్తువక్కా, పోయినా నష్టం లేదు అని గట్టిగా చెప్పి మేకుకు తగిలించాను. ఆమె నా మాట ఎప్పుడు కాదంది గనక? మళ్ళీ వెళ్ళేసరికి అది ఎర్రదారంతో పాప ఉయ్యాలకు ఆటబొమ్మలా వేలాడుతోంది.

కాబట్టి మహాజనులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఒక ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూర్చుని సంగటి తినకుండా ఆ ఇల్లు చల్లగా ఉందని ఈ జన్మలో రాయను. ఓబులమ్మక్క ఎదుట ఏ వస్తువు ధరా ఎత్తను. పవిత్రంగా ఉంటుందని ఈ ప్రమాణం ఆ యంత్రాన్ని చేత్తో పట్టుకుని చేద్దామనుకున్నాను. అడిగితే, పాప ఏడుస్తుంది, ఇవ్వం పొమ్మన్నారు.